సూదీదారం డాట్ కామ్

జనవరి 12

చెల్లీ,

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరమేంటని నవ్వుకుంటున్నావు కదూ? నవ్వుకో. ఫోన్ చేస్తే కాసేపటికే ఇద్దరం అరుచుకుంటాం, ఆ సంగతి నీకూ తెలుసు. పోనీ మెయిల్ రాద్దామంటే షాపు మెయిల్ పెట్టింది నా మరిది మహానుభావుడే. పాస్‌వర్డ్ వాడి దగ్గరుంది. నేను వాడి మీద కత్తులు నూరుతున్న వైనం వాడే చదువుకుని మురిసిపోవడం నాకిష్టం లేదు. అందుకని ఇక నుంచి మన మంతనాలన్నీ పోస్టులోనే.

వాడు షాపు వదిలి వెళ్లిపోయాడు. మీ బావని అడిగితే 'చిన్న మాట తేడా వచ్చింది' అంటారు, ఆయనకి ఇల్లు కూలినా చిన్న మాట తేడానే. కొత్త ప్లాస్టిక్ మిషన్లు తెచ్చి అమ్ముదామన్నాడు వాడు. మనది రిపేరు షాపు, మూడు నెలలకి విరిగే బొమ్మలు అంటగట్టి కుట్టుకుని బతికేవాళ్ల ఉసురు పోసుకోలేనన్నాను. ఇద్దరు టైలర్లు మిషన్ తెచ్చి కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. వాళ్లు వింటుండగా అన్నాడు: "వదినా, ఇది మా నాన్న పెట్టిన షాపు. నువ్వు తర్వాత వచ్చినదానివి."

తర్వాత వచ్చినదాన్నట! పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ కౌంటర్ వెనక నిలబడ్డది నేను. మామయ్యకి చూపు మందగించాక, కింద దారం అందుకునే షటిల్‌కీ సూదికీ టైమింగు కలపడం పక్కన కూర్చోబెట్టుకుని నాకు నేర్పారు. అప్పుడు ఈ యజమానిగారు వీధిలో బంతి తన్నుకుంటూ తిరిగేవాడు.

సరే, పక్క వీధి మలుపులో వేరే షాపు తెరిచాడు. తెరుచుకోనీ అనుకున్నాను. నిన్న ఒకావిడ సైకిల్ వెనక మిషన్ కట్టుకుని మన గుమ్మం ముందు నుంచే వెళ్లిపోతోంది. పాత మనిషే కదా అని పిలిస్తే, "అయ్యో, మీరు మలుపులోకి మారిపోయారని నెట్‌లో ఉందే!" అంది. ఫోన్ తీసి చూపించింది. మన షాపు పేరు 'సూదీదారం' అని వెతికితే మొట్టమొదట వచ్చేది మన సూదీదారం డాట్ కామే. లోపల ఫోటో మాత్రం వాడి షాపుది, నంబరు వాడిది. మామయ్య నోటితో పెట్టిన పేరు వాడి జేబులో ఉంది. మీ బావ వెళ్లి అడిగితే, "ఆ నెట్ అడ్రసు తీసుకున్నది నేనే కదన్నయ్యా" అన్నాడట.

ఈ ఏడాది ఇలాగే సాగితే షాపు మూసుకోవాల్సిందే. మూశానా, వాడన్న మాటే ఖాయమైపోతుంది. తర్వాత వచ్చింది, ముంచేసి పోయింది అంటారు. ప్రాణం పోయినా ఆ మాట పడను.

నువ్వు రోజంతా కంపెనీల పేజీలు నెట్‌లో పైకి తెచ్చే ఉద్యోగమే చేస్తావు కదా. వాణ్ణి పాతిపెట్టేసే పేరొకటి చెప్పు. నేనొకటి అనుకున్నాను: 'కుట్టు-మిషన్-రిపేర్-మంచి-షాపు డాట్ కామ్'. జనం ఏ మాట కొట్టినా అందులో ఉంటుంది. ఎలా ఉంది?

కడుపు మండిపోతున్న
మీ అక్క


జనవరి 23

అక్కా,

నీ ఉత్తరం చూసి మా ఆఫీసులో అందరూ కోర్టు నోటీసనుకున్నారు. కవరు మీద ఆ ఎర్ర సిరా ఏంటే?

ముందు నీ పేరు సంగతి. దయచేసి కొనకు. పేరులో మాటలన్నీ కుక్కేస్తే మొదట వచ్చే రోజులు ఒకప్పుడు ఉండేవి. అందరూ అదే పని చేసేసరికి వెతికే యంత్రాలు కనిపెట్టేశాయి. ఇప్పుడు పేరులో 'రిపేర్' అని ఉన్నంత మాత్రాన నిన్నెవరూ నెత్తిన పెట్టుకోరు. పైగా అన్ని అడ్డగీతలున్న అడ్రసు చూస్తే మనిషన్నవాడు ఇదేదో మోసంలా ఉందని నొక్కడు. పేరు పొట్టిగా ఉండాలి, నోటితో చెబితే చెవికి అందాలి, ఒకసారి విన్నవాళ్లకి గుర్తుండాలి. పేరు వల్ల వచ్చే లాభం అంతవరకే.

మరి సూదీదారం ఎందుకు మొదట వస్తోందంటావా? పేరు గొప్పదని కాదు. ఏళ్ల తరబడి అదే చోట ఉంది. కుట్టు నేర్పే బడివాళ్లు వాళ్ల పేజీలో ఆ అడ్రసు పెట్టారు, పేపర్లో మామయ్యగారి మీద రాసినప్పుడు పెట్టారు, బట్టల కొట్లవాళ్లు పెట్టారు. నలుగురు మంచివాళ్లు ఎటు వేలు చూపిస్తే యంత్రం అటు నమ్ముతుంది. ఆ నమ్మకం ఒక్క రోజులో కొనుక్కునేది కాదు.

రెండోది, షాపు మెయిల్ పాస్‌వర్డ్ వెంటనే మార్చెయ్. ఎలాగో వెనక పేజీలో బొమ్మ వేసి రాశాను.

మూడోది చెబితే నన్ను తిడతావు, అయినా చెబుతాను. ఆ అడ్రసు తీసుకోవడానికి మీ మరిది నా సాయం అడిగినప్పుడు నీకు ఫోన్ చేసి ఎవరి పేరు మీద తీసుకోమంటావని అడిగాను. "నాకెందుకే ఈ గోల, వాడికి చెప్పు" అన్నావు. మీ మరిది దొంగతనం చేయలేదక్కా.

బావగారిని అడిగానని చెప్పు. ఆయన నడుం నొప్పి ఎలా ఉంది?

నీ మీద ప్రేమ, నీ కోపం మీద భయం ఉన్న
చెల్లి


ఫిబ్రవరి 11

చెల్లీ,

అంటే తప్పు నాదేనంటావు! సొంత అక్కని పట్టుకుని! బాగుంది, చాలా బాగుంది. ఆ మూడో ముక్క మీ బావకి చదివి వినిపించాను. ఆయన నూనె డబ్బా కోసం బల్ల కిందికి దూరి, అక్కడే కాసేపు ఉండిపోయారు.

నీ ఉత్తరం వచ్చేసరికే పేరు కొనేశాను. అడ్డగీతల పేరే. మన ఎదురు ఫోటో స్టూడియో అతను పేజీలు కూడా చేస్తాడు, అతని చేతే చేయించాను. "ఇంత పొడుగు పేరా మేడం?" అన్నాడు. మోసేది నువ్వా అన్నాను.

నువ్వన్నట్టే అయిందని ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు, కానీ విను. కుట్టు బడి టీచరమ్మ ఫోన్ చేసి అడ్రసు అడిగింది.

"కుట్టు, అడ్డగీత, మిషన్, అడ్డగీత..." అన్నాను.

"ఏ గీతండీ? కింద పెట్టాలా?"

"కింద కాదు, మధ్యలో. రిపేర్, మళ్లీ అడ్డగీత..."

"ఇంకా ఉందాండీ?"

"మంచి, అడ్డగీత..."

"ఎందుకు లెండి, నేనే వచ్చి కనుక్కుంటాను" అని పెట్టేసింది. వచ్చింది కూడా. వాడి షాపుకి వెళ్లింది! సూదీదారం అయితే గుర్తుందట.

ఆ రోజు అన్నం సహించలేదు. రెండు వారాలు చూశాను, ఆ పేజీ ఎక్కడో అడుగున పడి ఉంది. తీసి పారేయించి 'అసలైన సూదీదారం డాట్ నెట్' కొన్నాను. అసలు ఎవరో నకిలీ ఎవరో లోకానికి తెలియాలి. పేజీ మొత్తం అక్కడికి మార్పించాను. అదీ పైకి రాలేదంటే వచ్చే నెల ఇంకోటి కొంటాను. పేర్లకేం కొదవ లేదట, స్టూడియో అతను చెప్పాడు.

వాడి పేజీ మాత్రం నేను తెరవను. ఎంతమంది చూశారో లెక్క ఉంటుందట కదా. నా వల్ల వాడి లెక్కలో ఒక్క మనిషి కూడా పెరగకూడదు. మీ బావకీ అదే చెప్పాను.

పాస్‌వర్డ్ మార్చాను. ఏం పెట్టానో చెప్పను కానీ, వాడి మీద నేనేసిన శాపం అది.

తప్పంతా తనదేనట, ఆ
అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

నీకు దండం పెడతాను, ఇక పేర్లు కొనకు.

నువ్వు చేస్తున్నదేంటో తెలుసా? షాపు తెరిచి, రెండు వారాలకి ఎవరూ రాలేదని తాళం వేసి, తలుపు మీద చీటీ కూడా అంటించకుండా ఇంకో వీధిలోకి పోతున్నావు. పాత చోటికి దారి తెలిసిన ఆ నలుగురూ మూసిన తలుపు చూసి వెనక్కి పోతారు. యంత్రమూ అంతే. మారిన ప్రతిసారీ అది నిన్ను కొత్త మనిషి కిందే చూస్తుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు. వాణ్ణి పాతిపెట్టడం ఏమో కానీ నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు.

పైగా ఆ 'డాట్ నెట్' ఒకటి. దానివల్ల యంత్రానికి పట్టింపేమీ లేదు, మనుషులకుంది. అలవాటు కొద్దీ అందరూ చివర 'డాట్ కామ్' అనే కొడతారు. అంటే 'అసలైన' అన్న మాట మర్చిపోయిన ప్రతివాణ్ణీ నువ్వే చెయ్యి పట్టుకుని మీ మరిది గుమ్మంలో దింపుతున్నావు.

టైలర్లు నిన్ను ఏమని పిలుస్తారు? 'మిషన్ వదిన' అనే కదా? మిషన్ వదిన డాట్ కామ్ తీసుకో. పొట్టిగా ఉంది, నీది, ఇంకెవరికీ లేదు. పాత రెండు అడ్రసుల నుంచీ దీనికి దారి మళ్లింపు పెట్టమని స్టూడియో అతనికి చెప్పు, అతనికి తెలుస్తుంది. తలుపు మీద చీటీ అంటే అదే. ఆ తర్వాత కదలకు. నలుగురి చేతా నీ అడ్రసు వాళ్ల పేజీల్లో పెట్టించు. నీ చేతిలో ఉన్న పని గురించి నిజంగా పనికొచ్చేది ఏదైనా రాయి. దారం ఎందుకు తెగుతుంది, సూది ఎందుకు విరుగుతుంది, అవన్నీ నీకంటే ఎవరికి తెలుసు?

ఏడాది పట్టొచ్చు. ఓపిక పట్టు. ఆ మాట నీకు రాయడం దండగని తెలుసు, అయినా రాస్తున్నాను.

చెల్లి


ఆగస్టు 4

చెల్లీ!

ఏడాదన్నావు కదూ? ఇప్పుడు నా మొహం చూసి ఆ మాట చెప్పు. మిషన్ వదిన డాట్ కామ్ మొదటి పేజీలోకి వచ్చేసింది! స్టూడియో అతను రోడ్డు దాటి పరిగెత్తుకుంటూ వచ్చి చూపించాడు. 'కుట్టు మిషన్ రిపేర్' అని కొట్టు, నాలుగోది నేనే.

పేరుదేముంది పేరుదేముంది అని ఒకటే గోల పెట్టావు. పేరే గెలిపించింది! ఇంకెవరి పేజీలోనూ నా అడ్రసు పెట్టించలేదు. ఎవణ్ణీ బతిమాలలేదు. దారం తెగడం గురించి ఒక పేజీ రాశాను, అంతే. బట్టల ఫ్యాక్టరీ మేనేజరు నెట్‌లో చూశానని వచ్చి, ఫ్యాక్టరీ మిషన్లన్నీ చూసే పని మనకే ఇచ్చాడు. మీ బావ నడుం నొప్పి మర్చిపోయి పని చేస్తున్నారు. నా వేలి గోళ్లలో మళ్లీ నల్ల నూనె చేరింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అసలు కబురు ఇప్పుడు చెబుతాను, కుర్చీలో సరిగ్గా కూర్చో. ఎప్పుడూ తెరవని షాపు మెయిల్ మొన్న తెరిచాను. సూదీదారం డాట్ కామ్ గడువు సెప్టెంబరు మొదట్లో అయిపోతుందని, మళ్లీ కట్టమని నోటీసు! అప్పట్లో వాడు షాపు మెయిలే ఇచ్చాడు. ఇప్పుడు పాస్‌వర్డ్ నా దగ్గరుంది. అంటే ఆ నోటీసు వాడి కంటపడదు. తేదీ తప్పు చదివానేమోనని అందులో నొక్కి మరీ చూసుకున్నాను. ఖాయం.

దేవుడున్నాడే! నేనేమీ చేయక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. గడువు దాటుతుంది, వాడి పేజీ ఆరిపోతుంది. ఆ పేరు బజార్లోకి రాగానే నేను కొనుక్కుని నా పేజీకి తిప్పుకుంటాను. సూదీదారం కోసం వెతికిన ప్రతివాడూ నా గుమ్మం ఎక్కుతాడు. అప్పుడు వాడొస్తాడు. అప్పుడడుగుతాను, తర్వాత వచ్చింది ఎవరు బాబూ అని.

ఈ ముక్క వాడికి చెప్పావంటే నా మీద ఒట్టే.

గాల్లో తేలుతున్న
అక్క


ఆగస్టు 13

అక్కా,

ఒట్టు ముందే వేసేసి ఉత్తరం రాస్తావా? ఇదెక్కడి న్యాయమే?

వాడికి చెప్పు. నీ నోటితో చెప్పక్కర్లేదు, ఆ మెయిల్ బావగారికి చూపించు, ఆయనే చెబుతారు. ఇది మంచితనం కోసం చెప్పడం లేదు. గడువు దాటిన పేరు సంతలో నీ కోసం ఎదురు చూస్తూ కూర్చోదు. ఇలాంటి పాత పేర్లని కాచుకుని కూర్చునేవాళ్లున్నారు. నలుగురి నమ్మకమున్న పేరంటే వాళ్లకి పండగ. విడుదలైన క్షణంలో వాళ్ల యంత్రాలు ఎగరేసుకుపోతాయి. నువ్వూ స్టూడియో అతనూ కళ్లజోడు సర్దుకునేలోపే పోతుంది. పోయేది మామయ్యగారి పేరు.

ఇంకో మాట. నువ్వు నాలుగో చోటికి ఎందుకొచ్చావో నాకర్థం కావడం లేదు. పేరు వల్ల కాదు, ఎన్నిసార్లన్నా అదే చెబుతాను. ఎవరో గట్టివాళ్లు నీ వైపు వేలు చూపిస్తున్నారు. ఎవరో కనుక్కుని రాస్తాను.

చెల్లి


సెప్టెంబర్ 14

చెల్లీ,

నువ్వు వాడి పక్షమని నాకు ముందే తెలుసు. నా గెలుపు నా వల్ల కాదు, ఎవరో వేలు చూపించారట! నేను నాలుగో చోటికి వస్తే అది కూడా ఎవరో పెట్టిన భిక్షేనా? వాడు షాపులో అన్నదీ నువ్వు ఉత్తరంలో రాసిందీ ఒకటే మాట. నాదంటూ ఏదీ లేదని.

సరే, విను. ఆరిపోయింది. సూదీదారం అని కొడితే తెల్ల పేజీ వస్తోంది. ఆ ఒక్కసారికి మాత్రం తెరిచి చూశాను, కళ్లనిండా చూశాను. సాయంత్రం పనిగట్టుకుని మలుపు దాకా నడిచాను. వాడు షాపు మెట్టు మీద నిలబడి ఫోన్ చెవికి పెట్టుకుని ఎవరినో బతిమాలుతున్నాడు. లోపల ఆ ప్లాస్టిక్ మిషన్లు అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి. నా గుండెల్లో చల్లటి నీళ్లు పోసినట్టయింది.

నిన్న వచ్చాడు. ఇన్ని నెలల తర్వాత మన గుమ్మం ఎక్కాడు. చెప్పులు బయటే విడిచి, కౌంటర్‌కి ఇవతలే నిలబడ్డాడు.

"వదినా, అడ్రసు పోయింది. లోపలికి వెళ్దామంటే షాపు మెయిలే అడుగుతోంది. గడువు గురించి మెయిలేమైనా వచ్చిందేమో ఒక్కసారి చూస్తావా?" అన్నాడు.

బాబిన్ మీదికి దారం చుడుతున్నాను. చెయ్యి ఆపలేదు. "ఏమీ రాలేదు" అన్నాను.

"సరే వదినా" అని వెళ్లిపోయాడు. మీ బావ తలెత్తి నా వైపు చూశారు.

ఎంత బాగుందనుకున్నావు ఆ మాట చెబుతుంటే! ఏమీ రాలేదు. ఇంటికొచ్చాక కూడా రెండుసార్లు పైకి అనుకున్నాను.

నీతిబోధ రాయాలనుకుంటే కాగితం వృథా చేసుకోకు. ఈసారి నీ ఉత్తరం విప్పను. ఫోన్ చేసినా ఎత్తను.

అక్క


సెప్టెంబర్ 22

అక్కా,

నీతిబోధ కాదు, తొందర. ముందు ఇది చదువు, తిట్టుకోవడం తర్వాత.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. బావగారికి చేస్తే, "మీ అక్క మాట్లాడొద్దందమ్మా" అని దిగులుగా పెట్టేశారు. ఆయనకైనా చెబుదామనే లోపే కట్ అయిపోయింది. నీ ఒట్టు ఒకటి నా మెడ మీద ఉంది. అందుకే ఈ కవరు మీద పెద్దక్షరాలతో 'అర్జెంట్' అని రాశాను.

నీ వైపు వేలు చూపించింది ఎవరో తెలిసింది. సూదీదారం డాట్ కామ్. అదొక్కటే. ఇంకెవరూ లేరు. ఆరిపోకముందు ఆ పేజీ ఎలా ఉండేదో పాత నకలు వెతికి పట్టుకున్నాను. ఏప్రిల్ నుంచీ మొదటి పేజీలోనే ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

'పాత ఇనుప మిషన్లు, ఫ్యాక్టరీ మిషన్లు నా వల్ల కాదు. వాటికి మా అన్నయ్య, వదిన ఉన్నారు. షటిల్ టైమింగులో మా వదినని మించినవాళ్లు లేరు. అక్కడికి వెళ్లండి.' కింద నీ మిషన్ వదిన అడ్రసు.

నలుగురూ ఆ పాత పేరుని నమ్మారు, ఆ పాత పేరు నిన్ను నమ్మమంది. నిన్ను పైకి తెచ్చింది అదే. ఫ్యాక్టరీ మేనేజరు 'నెట్‌లో చూశాను' అన్నది నీ పేజీ కాదు, వాడి పేజీ. ఇప్పుడది ఆరిపోయింది కాబట్టి నువ్వూ కిందికి జారుతున్నావు, చూసుకో.

ఇంకా చేయి దాటిపోలేదు. గడువు దాటాక కూడా కొన్నాళ్లు పాత యజమానికి కట్టుకునే వీలుంటుంది. మెయిల్ నీ దగ్గరుంది కాబట్టి నువ్వే కట్టొచ్చు. స్టూడియో అతన్ని కూర్చోబెట్టుకుని ఈ రోజే కట్టు. వాడికి చెప్పకపోయినా ఫరవాలేదు. అబద్ధమాడావని ఎవరికీ తెలియక్కర్లేదు. కట్టెయ్ చాలు.

నీ కాళ్లు పట్టుకుంటాను,
చెల్లి


డిసెంబర్ 3

చెల్లీ,

నీ ఉత్తరం నిన్న విప్పాను.

అర్జెంటని రాసి ఉంటే, తిట్టడానికి కూడా తొందరేనా అనుకున్నాను. నూనె డబ్బాల అర మీద పెట్టి వదిలేశాను. రోజూ కనపడేది. కనపడినప్పుడల్లా నిన్ను కూడా ఓడిస్తున్నానని సంబరపడ్డాను.

పేరు పోయింది. విడుదలయ్యే రోజుకి స్టూడియో అతన్ని పిలిచి సిద్ధంగా కూర్చున్నాను, నువ్వు చెప్పినట్టే అయింది. ఎవడో తెలియదు, ఏ దేశంలో ఉంటాడో తెలియదు. ఇప్పుడు సూదీదారం అని కొడితే పేక ముక్కలు, గిర్రున తిరిగే చక్రం, డబ్బులు గెలుచుకోండి అని అరుపులు. కుట్టు బడి టీచరమ్మ వచ్చి, "పిల్లల ముందు తెరిచానండీ, పరువు పోయింది" అని గొడవ పెట్టుకుంది. మామయ్య జన్మలో పేక ముక్క ముట్టలేదు.

నా పేజీ కూడా పోయింది. ఎక్కడుందో స్టూడియో అతను కిందికి కిందికి వెతికి, చివరికి మొహమాటపడి వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ పని ఉంది కానీ కొత్త మనిషి ఒక్కడు రావడం లేదు.

అప్పుడు నీ కవరు గుర్తొచ్చి విప్పాను. చదివి, మీ బావ ముందు పెట్టాను.

"ఆ ముక్క వాడి పేజీలో ఉన్నట్టు మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు" అన్నారు.

"మరి చెప్పలేదేం?"

"చెబితే తీయించేసేదానివి."

తీయించేసేదాన్నే, చెల్లీ. ఆ మాట నిజం. వాడి వేలు పట్టుకుని పైకి రావడం కంటే షాపు మూసుకోవడం మేలనేదాన్ని. ఆయనకి నోట్లో నాలుక లేదనుకుంటాం కానీ, నన్ను అందరికంటే బాగా చదివింది ఆయనే.

నాకెంత కోపం వచ్చిందో తెలుసా? ఎవడు చేయమన్నాడు వాణ్ణి? నలుగురిలో అంత మాట అని, ఆ తర్వాత చాటుగా మంచి చేయడమేంటి? మనస్ఫూర్తిగా పగ కూడా తీర్చుకోనివ్వడా? ఆరిపోయిన ఆ తెల్ల పేజీ చూసి నేను పడ్డ సంతోషమంతా ఇప్పుడు తలుచుకోబుద్ధి కావడం లేదు.

ఇవాళ పొద్దున వాడొచ్చాడు. ఈసారి కౌంటర్ లోపలికి వచ్చి మామయ్య ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. అడ్రసు అమ్మిన కంపెనీవాళ్లతో ఇన్నాళ్లూ పోట్లాడాడట. అది తనదేనని కాగితాలన్నీ పంపి నిరూపించేసరికి తిరిగి కట్టుకునే గడువు కూడా దాటిపోయిందట.

"వాళ్లేమన్నారు?" అన్నారు మీ బావ.

వాడు నా వైపు చూడలేదు. పీట కింద పడి ఉన్న సూది ఏరి డబ్బాలో వేశాడు. "నోటీసులన్నీ పంపామన్నారన్నయ్యా. అందాయట. ఎవరో తెరిచి, తేదీ నొక్కి మరీ చూశారట" అన్నాడు.

నా చేతిలో స్క్రూడ్రైవరుంది. అది పట్టుకుని అలాగే నిలబడ్డాను. అడుగు, కేకలెయ్, ఎందుకు చేశావని నిలదీయి అనుకున్నాను. అడిగితే నా దగ్గర బోలెడు జవాబులున్నాయి. ఏడాది నుంచీ పదును పెట్టుకుంటున్నాను. ఒక్కటీ వాడలేదు. వాడు అడగలేదు.

లేచి, "అన్నయ్యా, కొత్తది తీసుకుందాం. సూదీదారం షాపు డాట్ కామ్ ఖాళీగా ఉంది. రెండు షాపులూ ఒకే పేజీలో పెడదాం. ఈసారి మార్చొద్దు, మెల్లగా అదే నిలబడుతుంది" అన్నాడు. ఎదురు స్టూడియో అతన్ని కేకేశాడు. అతను ఇక్కడే కౌంటర్ మీద కంప్యూటర్ పెట్టుకుని అన్నీ నింపుతున్నాడు.

"యజమాని ఎవరని రాయమంటారు సార్?"

"మా వదిన పేరు రాయి."

"గడువు నోటీసులు ఏ మెయిల్‌కి రావాలి? మీదేనా?"

అప్పుడు చూశాడు చెల్లీ, నా మొహంలోకి సూటిగా చూశాడు. కోపం లేదు, వెటకారం లేదు. ఉంటే ఎంత బాగుండేది!

"షాపు మెయిల్‌కే పెట్టు. వదినకి వస్తే నాకు చెబుతుంది" అన్నాడు.

లోపల గదిలోకి వెళ్లి తలుపేసుకుని, బట్ట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వెధవ! ఏడాది పాటు నేను కత్తులు నూరితే, వాడు ఒక్క మాటతో నా పీక కోసేశాడు. ఇంతకంటే పగ ఎవరైనా తీర్చుకోగలరా, నువ్వే చెప్పు.

మొహం కడుక్కుని బయటికి వచ్చేసరికి వాడింకా అక్కడే ఉన్నాడు. "ఎన్నేళ్లకి కట్టమంటారు మేడం?" అన్నాడు స్టూడియో అతను. ఎక్కువలో ఎక్కువ ఎన్నేళ్లని అడిగాను. పదేళ్లన్నాడు. "పదేళ్లకీ కట్టెయ్" అన్నాను. ఆ నోటీసు మళ్లీ నా కంటపడటానికి అంత టైమన్నా కావాలి.

ఆ తర్వాత వాడి వైపు తిరిగి, "అప్పుడు వచ్చింది, చూశాను. అబద్ధమాడాను" అన్నాను.

"తెలుసు వదినా" అని, మామయ్య పీట దగ్గరికి లాక్కుని, నేను సగంలో వదిలేసిన మిషన్ విప్పడం మొదలుపెట్టాడు. టైమింగు తప్పుగా కలుపుతున్నాడు. పక్కకి జరగమన్నాను.

ఒట్టు తీసేశాను, నువ్వు వాడితో ఏమైనా మాట్లాడుకో. నీ ఉత్తరాలు ఇక వచ్చిన రోజే విప్పుతాను.

మీ అక్క